పరశురాములు దిద్దిన నంబరు

పుట్టింది బచ్చన్నపేట మెట్ట చెలకల్లో. పెళ్లయ్యాక భూపాలపల్లి అడవి అంచుకు ఇల్లరికం వచ్చాడు పరశురాములు. అడవి ముఖం ఎరగని అల్లుడని ఊరంతా నవ్వింది. అందుకే పదకొండేళ్లుగా అడవికి మంట అంటకుండా కాసే ఫైర్ వాచరు పనిని పంతం పట్టి చేస్తున్నాడు.

అతని సంచిలో ఒక ఫోటోల పుస్తకం ఉంటుంది. ఒకటో ఫోటోలో నేల కనిపిస్తుంది. ఆరో ఫోటోలో ఎండుటాకు, గడ్డి తప్ప ఏమీ కనిపించదు. నిలబడ్డ చోటును ఫోటోలతో పోల్చి, ఏది కలిస్తే ఆ నంబరు రాయాలి. పెద్ద నంబరు పడ్డ చోటికి మరునాడే మనుషులొచ్చి, మంట దాటకుండా ఆకు తీసి బాట చేస్తారు. చిన్న నంబరైతే వారం ఆగాల్సిందే. తన నంబరును ఇప్పటిదాకా ఎవరూ దిద్దలేదని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతాడు.

ఆ మార్చి పొద్దున వాగవతలి అడవికి రెండు అని రాసి, బీట్ ఆఫీసర్ అఖిలకు పంపాడు. ఇంటికొచ్చాడే గానీ కుదురు లేదు. కూర్చున్నాడు, లేచాడు, పుస్తకం తెరిచాడు, మూశాడు. ఆకు రాలే మార్చిలో అంత శుభ్రమైన నేలా అని లోపల ఒకటే పీకులాట.

సాయంత్రం భార్య రుక్మిణి వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది.

"వాగవతల మన ఇప్పచెట్టు కింద నిన్ననే సాపుగ ఊడ్చిన. ఆకంత పక్కకు నూకిన. రాలిన పువ్వు ఏరనీకె రేపు తెల్లారకముందే పోవాలె," అంది.

పరశురాములు సంచి అందుకున్నాడు. పొద్దున ఎండకు ఓర్వలేక నిలబడింది ఆ చెట్టు నీడలోనే. పెళ్లాం ఊడ్చిన నేలను చూసి అడవి మొత్తానికి నంబరేశాడు మహానుభావుడు.

"లే, పోదాం పా."

"గిప్పుడేంది? పరేషాన్ జేస్తవ్."

పొద్దు వాలకముందే వాగు దాటారు. ఊడ్చిన చోటు దాటగానే ఆకు కరకరలాడింది. ఆకు ఎంత ఎత్తుందో తెలియడానికి కర్ర నిలిపి ఫోన్‌తో ఫోటో తీయాలి. తొందరలో కర్ర మరిచాడు.

"జర గాడ నిలబడు."

రుక్మిణి నిలబడింది. ఫోటోలో ఆమె కాళ్లు పిక్కల దాకా కనిపించలేదు. రోజూ ఒంటరిగా వచ్చి ఈ ఆకు మధ్యనే వంగి పువ్వు ఏరుతుంది. ఎవడన్నా బీడీ పారేస్తే ఎటు పరుగెత్తుతుంది? పరశురాములుకు భయం వేసింది, దానికి మించి సిగ్గు వేసింది. అక్కడి నుంచే ఫోన్ చేశాడు.

"మేడం, పొద్దున నేను రాసింది తప్పు. రెండు కాదు, అయిదు."

"నీ నంబరు ఎన్నడు ఎవ్వరు దిద్దలేదంటివి గదా, పరశురాములన్నా?" అంది అఖిల.

"ఇయ్యాల నేనే దిద్దుకున్న."

"సరే. రేపు మొదలు గాడికే వస్తం. అప్పటిదాక ఎవ్వల్ని పోనియ్యకు."

రుక్మిణి అంతా విన్నది.

"మరి రేపటి పువ్వు?"

"రాలితె రాలనీ," అన్నాడు. "నువ్వు ఇంట్ల ఉండు."