కోరుట్ల హాలు ముందు పాస్‌పోర్టుల వరుస

ఆ రోజుల్లో నాకొక పిచ్చి పట్టింది. జగిత్యాలలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పడం చాలదన్నట్టు, శనివారం సాయంత్రాలు వాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేదాన్ని. ఏ పని చేస్తుంటే నిన్ను నువ్వు మరిచిపోతావు? నీ దేవుడు నీ నుంచి ఏం కోరుతున్నాడు? ఎవరికి అక్కరకొస్తావు? ముందు ప్రార్థన. ధర్మపురి పూజారిగారబ్బాయి శ్లోకాలు, చర్చికి పోయే అమ్మాయి ప్రార్థన ఒకదాన్ని మించి ఒకటి సాగేవి. టీ చల్లారిపోయేది. అయినా ఎంత సంబరమో నాకు!

ఆ ఊపులో నేనూ పిల్లలూ కలిసి కోరుట్లలోనూ ఒక హాలు తీసుకుని, ఒక ఆదివారం ఇలాంటి కూటమే పెట్టేశాం. "ఏ పని చేయాలో తేలడం లేదా? రండి. పేర్లు రాసుకుంటాం. టీ ఉచితం" అని అచ్చేయించి బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం గోడకు అంటించాం. చుట్టూ ఉన్నవన్నీ గల్ఫ్ ఏజెంట్ల కాగితాలే. కాలేజీ పిల్లలకని రాయడం మరిచిపోయాం, మహా మేధావులం!

ఆదివారం పొద్దున వెళ్తే హాలు ముందు వరండా నిండా మగవాళ్లు. చేతుల్లో పాస్‌పోర్టులు, ఫొటోలు. పొలాలెండి, మగ్గాలాగి, ఇంటికొకరు దుబాయికో మస్కట్‌కో పోతున్న కాలమది. బల్ల వేసి పేర్లు రాసుకునేది ఏజెంటు కాక ఇంకెవరు? సిరిసిల్ల మరమగ్గాల వాళ్లు మొదటి బస్సుకే దిగారు. ఏజెంట్లు పనితనం పరీక్షించి తీసుకుంటారు కదా, ఒక మేస్త్రీ తాపీతో సహా నా ముందు నిలబడ్డాడు.

"గోడ యాడ కట్టాలె మేడం? టెస్టు జల్దీ వెట్టున్రి."

మేం ఏజెంట్లం కాదు మొర్రో అన్నాను. "అందరు గట్లనే అంటరు, ముందుగాల పేరు రాస్కోన్రి" అన్నారు. నాకు నవ్వాగలేదు. సరే, మన ప్రశ్నలే వీళ్లనూ అడుగుదామని పిల్లల్ని బల్లల దగ్గర కూర్చోబెట్టాను.

కొడిమ్యాల నుంచి వచ్చే అమ్మాయి ఒకతె నా శిష్యుల్లో ముందుండేది. ఆమె బల్ల ముందు వరుసలో మూడో మనిషి తాటిచెట్లెక్కి కల్లు గీసే వాళ్ల నాన్నే. రుద్రంగిలో పెళ్లికని ఇంట్లో చెప్పి వచ్చాడట.

"బాపూ, నువ్వేంది గీడ?"

"నువ్వేంది బిడ్డా?"

హాలంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. ఆయన చేతిలో కొత్త పాస్‌పోర్టును చూస్తూ, మొండిగా నా ప్రశ్నల కాగితంలోని మొదటిదే అడిగింది, ఏ పని చేస్తుంటే నిన్ను నువ్వు మరిచిపోతావని. చెట్లెక్కడమే ఇష్టమంటాడని నేను ముందే మురిసిపోతున్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "చెట్టెక్కితె కాళ్లు వణుకుతున్నయి బిడ్డా. మొన్న రెండుసార్లు జారిన. మీ అమ్మకు చెప్పలే. ఆడికి పోతె కింద నిలవడి జేసే పని దొరుకుతదంట."

నా నవ్వు ఎటుపోయిందో తెలియదు. సిగ్గేసింది.

"కింద నిలవడి జేసే పని గీడ లేదా?" అంది ఆమె.

ఆయన నావైపు తిరిగాడు. "ఉంటె చెప్పున్రి మేడం. పోనే పోను."

ఇన్ని శనివారాలు ఊరందర్నీ అడిగినదాన్ని, ఆయన ఒక్కమాట అడిగితే నా ప్రశ్నల కాగితాన్నే అటూ ఇటూ తిప్పి చూశాను.

ఆ పిల్ల తండ్రి చేతిలోంచి పాస్‌పోర్టు లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది.

"గసొంటి పని గీడ యాడుందో మేడంకు ఎరుకయ్యేదాంక నేనియ్య బాపూ" అంది.