పులి బొమ్మతో పరుగెత్తి వచ్చిన తమ్ముడు

మా చిన్నతనంలో ఇంట్లో అగ్గిపెట్టె ఖాళీ అయిందంటే నాకు పండగే... పెట్టె మీది బొమ్మను తడిపి, చిరగకుండా ఊడదీసి, గంజితో అట్టముక్కకు అంటించేదాన్ని. అప్పట్లో మా ఊరు అత్వెల్లిలో ఆడపిల్లకు అంతకంటే ఆస్తి ఎవరిస్తారు?

ఆ అట్టలతోనే నేనూ అవ్వా కలిసి తమ్ముడికి పాఠాలు చెప్పేవాళ్ళం. తమ్ముడు సత్తయ్యకు ఆరేళ్ళు వచ్చినా మాటలు రాలేదు. చెవులు బాగానే వినిపిస్తాయి, నోరే పెగలదు. "గానికి చెప్పినా గోడకు చెప్పినా ఒక్కటే" అనేవాడు బాపు, వాడి ముందే. ఆ మాట కూడా వాడు వింటున్నాడని ఆయనకు తోచేది కాదు.

అవ్వ ఊరుకునేది కాదు. "నీకు నోరుంది గదరా, ఇన్నేండ్లల్ల ఒక్క మంచి మాట జెప్పినవా?" అని కొడుకును అక్కడికక్కడే కడిగేసేది.

ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ. బాపుకు ఎద్దు, అమ్మకు తామరపువ్వు. అవ్వకు చిలుకను పెడదామంటే కస్సుమంది. "చిలుకేందే? జామకాయ కొరకనీకి నాకు పండ్లెక్కడున్నయ్? పులి బెట్టు." పులికి మాత్రం పళ్ళు అక్కర్లేదా అని అడిగే ధైర్యం నాకు లేదు. పులే పెట్టాను.

పాఠం ఇంతే... నేను "అవ్వ" అంటే, పరిచిన అట్టల్లోంచి వాడు పులిని తీయాలి. తీస్తే బెల్లం ముక్క, తీయకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఇక "అవ్వ" అనగానే అవ్వ దగ్గరికి పరుగెత్తడం వాడికి ముందే వచ్చు. మనిషిని చూసి బొమ్మ తీయడం మాత్రం మేము నేర్పలేదు. అదొక పాఠమని మాకే తెలియదు. అమ్మకైతే అసలు ఈ ఆట సంగతే పట్టదు, ఇంటి పనికీ తోట పనికీ మధ్య ఆమెకు తీరికెక్కడిది?

ఒకరోజు బాపు ద్రాక్ష బుట్టలు వేసుకుని పట్నం పోయాడు. అవ్వ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఇంటి వెనక తోటకు వెళ్ళింది. మధ్యాహ్నం బువ్వకని నేను బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో ఒకటే గొడవ...

అమ్మ బియ్యం చెరుగుతోంది. సత్తయ్య గూట్లోంచి పులి బొమ్మ తెచ్చి చాటలో పెడుతున్నాడు. అమ్మ తీసి పారేస్తోంది. వాడు ఏరుకొచ్చి మళ్ళీ పెడుతున్నాడు, కొంగు పట్టి లాగుతున్నాడు. బెల్లం కోసం రోజూ లాగే కొంగే కదా అది, అమ్మ పట్టించుకోలేదు.

"ఏందిరా గీ పరేషాన్? పని జేసుకోనియ్యవా? తోటకు పోయినోనివి ఎందుకొచ్చినవ్?" అని వీపు మీద ఒకటేసింది.

వాడు ఏడవలేదు. నన్ను చూశాడు. పరుగున వచ్చి ఆ అట్టను నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూశాడు. మోకాళ్ళ దాకా బురద.

ఎవరూ "అవ్వ" అనలేదు. బెల్లమూ చూపలేదు. మరి పులిని ఎందుకు తీసినట్టు?

"అవ్వకేమైందిరా?" అన్నాను.

అంతే... తోట వైపు ఉరికాడు. పందిళ్ళ కింద వంగి నేను వాడి వెనక, చాట అక్కడే పడేసి అమ్మ నా వెనక. ద్రాక్ష పందిరి కింద నాలుగు అడుగుల అవతల మనిషి కనబడడు. ఎక్కడ ఆగుతాడో అని వాడి కాళ్ళనే చూస్తూ ఉరికాను.

బావి దగ్గర ఆగాడు.

గట్టు లేని బావి. ఒడ్డున మట్టి పెళ్ళ విరిగి పడి ఉంది. తొంగిచూస్తే కింద నల్లటి నీళ్ళలో అవ్వ తల, మోటారు పైపును కావలించుకున్న రెండు చేతులు. నీళ్ళు గొంతు దాకా. అరిచి అరిచి గొంతు పోయినట్టుంది, పెదవులు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు. చేతులు జారుతున్నాయి... మళ్ళీ పట్టుకుంటోంది... మళ్ళీ జారుతున్నాయి.

నా కేకలకు పక్క తోట మల్లయ్య కాక తాడు పట్టుకుని ఉరికొచ్చాడు. "తాడు పట్టుకో పెద్దమ్మా, జల్దీ!" తాడు పట్టుకోవాలంటే పైపు వదలాలి. వదిలితే మునిగిపోతానని అవ్వ తల అడ్డంగా ఊపుతోంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక మల్లయ్య కాకే పందిరి రాతి స్తంభానికి తాడు కట్టి లోపలికి దిగాడు. ఇద్దరూ పైకి వచ్చేదాకా అమ్మా నేనూ ఆ తాడు లాగుతూనే ఉన్నాం.

అమ్మ ఏడుస్తూ తల తుడుస్తుంటే అవ్వ బొంగురు గొంతుతో అంది: "గింత జల్దీ ఎందుకొచ్చిన్రే... సల్లగ తానం జేస్తుంటి." అని, సత్తయ్యను ఒళ్ళోకి లాక్కుంది. సాయంత్రం దాకా వదలలేదు.

మా మనవరాలు మనస్తత్వశాస్త్రం చదువుతోంది. దీన్ని ఉద్దీపన తుల్యత అంటారట. పేరు వింటే జ్వరం వచ్చేట్టుంది గానీ సంగతి తేలికే. మాటకు బొమ్మ, మాటకు మనిషి అని రెండు జతలు నేర్పితే, బొమ్మకూ మనిషికీ ఉన్న జతను మెదడే కట్టుకుంటుందట. పిల్లలకు చదువు అబ్బడంలోనూ ఇదే సూత్రమట. నేను మాత్రం దాన్ని పుస్తకంలో కాదు, బావి ఒడ్డున నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం బాపు పట్నం నుంచి వచ్చి, సంగతంతా విని, కాళ్ళయినా కడుక్కోకుండా సత్తయ్య ముందు గొంతుక్కూర్చున్నాడు. "నీకు గిదంత ఎట్ల తెలిసిందిరా, నాయినా?" అని అడిగాడు. అడిగి, జవాబు కోసం ఆగాడు. వాడి ముఖంలోకి చూస్తూ బాపు ఆగడం నేను అదే మొదటిసారి చూశాను.

ఇప్పుడు ఆ తోటల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. నాగారంలో మా మనవరాలు పని నేర్చుకునే సెంటరులో ఇలాంటి పిల్లల కోసం రంగురంగుల కార్డులున్నాయి, మెత్తటి కుర్చీలున్నాయి. మంచిదే. కానీ అక్కడికి వెళ్ళినప్పుడల్లా బయట బెంచీ మీది తల్లిదండ్రుల్ని చూస్తుంటాను... పిల్లవాణ్ణి ఒకటి అడుగుతారు, వాడు వేలెత్తి చూపేలోపు ఫోన్‌లోకి తల దించేస్తారు.

మాటలు రాని వాళ్ళెవరైనా మీకెప్పుడైనా ఏదైనా చెప్పారా? గుర్తు తెచ్చుకుని రాయండి... తొందరేం లేదు, నేను ఆగుతాను.