మే క్లో రేవు నుంచి మాట్లాడకుండా వచ్చిన మనిషి

మే క్లో రేవు పోరు గురించి ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదు. నేను వెతికాను. ఇంగ్లీషువాళ్లు బర్మా వదిలి వెళ్లిపోయాక, కొండల్లో ఉండే మా కరెన్ జాతివాళ్లకూ రంగూన్ సర్కారుకూ మొదలైన యుద్ధంలో అదొక చిన్న మూల. ఇటు ఒడ్డున మా దళం, అటు సర్కారు సైన్యం. మధ్యలో వాగు.

ము పో అత్త మాకు వంట చేసేది. వెదురు చిగుళ్ల పులుసే రోజూ.

“ఇందులో చేప ఏదత్తా?” అనేవాళ్లం.

“ఈదుకుంటూ వెళ్లిపోయింది. పోయి పట్టుకో.”

ఆమె ఒక్కగానొక్క కొడుకు లా సే మాతోనే ఉండేవాడు. మొదటి దాడిలో పక్కనే గుండు పేలి వాగులో పడిపోయాడు. ఒంటి మీద గీత కూడా లేదు. కానీ ఇవతలికి లాక్కొచ్చాక అన్నం ముట్టలేదు, తల్లిని గుర్తు పట్టలేదు. బెదిరిన ఆత్మ రేవులోనే ఉండిపోయిందని మా అందరికీ అర్థమైంది. అలా వదిలేస్తే మనిషి కొడిగట్టిపోతాడు. వెళ్లి పిలుచుకు రావాలి. తెచ్చేటప్పుడు, ఆ మనిషి మణికట్టుకు తెల్లదారం కట్టేదాకా, పిలిచినవాళ్లు నోరు విప్పకూడదు, సైగ చేయకూడదు. చేస్తే ఆత్మ మళ్లీ బెదిరి వెనక్కి పోతుంది.

మా కెప్టెన్ సో టైటస్ యుద్ధానికి ముందు మిషను బడిలో పంతులు. ఇవేవీ నమ్మడు.

“మందు ఇచ్చాంగా అత్తా.”

“మందు ఒంటికి నాయనా. ఒంట్లో వాడు లేడే.”

ఆయన అవతలి ఒడ్డు వైపు చూశాడు. “సరే, వెళ్లు. అటు మెషీన్ గన్లు ఎక్కడెక్కడున్నాయో చూసి రా.”

ఆమె ఔననలేదు, కాదనలేదు. అన్నం ముద్ద, గరిటె పట్టుకుని పట్టపగలు వాగులోకి దిగింది. మేం బండల వెనక తుపాకులు ఎక్కుపెట్టి చూస్తున్నాం. రాళ్ల మీద గరిటెతో కొడుతూ పిలిచింది. “లా సే, ఇంటికి రా నాయనా. అన్నం వేడిగా ఉంది.”

అవతలి ఒడ్డు నుంచి సర్కారు సైన్యంలోని బర్మా సిపాయి ఒకడు దిగి వచ్చాడు. “ఎవర్ని పిలుస్తున్నావ్, ముసలమ్మా?”

“నా కొడుకుని.”

అతను నవ్వలేదు. వాళ్ల తల్లులూ ఇలాగే పిలుస్తారు. “ఆ మడుగు దగ్గర నాచుంది, జారతావ్,” అని చెయ్యి అందించి తమ ఒడ్డు మీదికి ఎక్కించాడు. అక్కడా పిలిచి, తిరిగి వచ్చింది.

బండల దగ్గర కెప్టెన్ అడ్డం నిలబడ్డాడు. “ఎన్ని ఉన్నాయత్తా?”

ఆమె గరిటెను గుండెకు అదుముకుంది. పెదవులు బిగించింది.

“రేపు మన పిల్లలు పోయేది ఆ గన్ల మీదికే. వేళ్లతో అయినా చూపించు.” ఆయన చెడ్డవాడు కాదు.

అత్త కళ్ల వెంట నీళ్లు కారాయి.

మాలో ఒకడు అన్నాడు, “దారి ఇవ్వండి సార్. ఆమె ఒక్కతే రావట్లేదు.”

కెప్టెన్ తప్పుకున్నాడు.

దారం కట్టాక, సాయంత్రానికి లా సే గంజి తాగి, “ఉప్పు లేదమ్మా,” అన్నాడు. అత్త మొహం తిప్పుకుని ఏడ్చింది.

కెప్టెన్ మళ్లీ వచ్చాడు. “ఇప్పుడు మాట్లాడొచ్చుగా?”

“మాట్లాడొచ్చు. కానీ నా కొడుకు ఆ సిపాయి చెయ్యి పట్టుకుని వచ్చాడు నాయనా. ఆ చేతి మీదికి తుపాకీ చూపించలేను.”

“మనవాళ్లు పోతే?”

“ఆ పాపం నా మీదే ఉంటుంది.”

మర్నాటి దాడిలో ఇద్దరు పోయారు. రేవు మాకు దక్కలేదు. పోయినవాళ్లలో ఒకడు మా ఊరి పా గే అనే ఆవిడ కొడుకు. కెప్టెన్ జరిగింది ఎవరికీ చెప్పలేదు. అత్తే వెళ్లి పా గేకి చెప్పింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ, ఆత్మలను పిలిచి మణికట్లకు దారాలు కట్టే పండగనాడు, అత్త అందరికంటే ముందు గుంజల మీదున్న పా గే ఇంటి నిచ్చెన ఎక్కేది. పా గే దారానికి చెయ్యి చాపేది కాదు.

“నీ కొడుకు ఎలా ఉన్నాడు?” అని మాత్రం అడిగేది.

“బాగున్నాడు.”

“సరే, వెళ్లు.”