ఓబులేసు ముట్టని మీట

జమ్మలమడుగు ఓబులేసు ఇక లేడన్న వార్త ఫోనులో వచ్చేసరికి నేను ప్రొద్దుటూరులో మా ఇంట్లో కాఫీ తాగుతున్నాను. గుండెపోటట. చెప్పినవాడు ఆయన డ్రైవరుగా పనిచేసిన బస్సు డిపోలో మెకానిక్కు. దిగ్భ్రాంతి అనే మాటను తెలుగు పండితుడిగా ముప్పై ఏళ్ళు పిల్లల చేత సొంత వాక్యంలో ప్రయోగింపజేశాను. దాని అర్థం నాకు ఆ పూట తెలిసింది. గ్లాసు చేత్తో పట్టుకునే వీధి గుమ్మందాకా పోయి, ఎందుకు వచ్చానో తెలియక తిరిగి లోపలికి వచ్చాను.

వారం తిరగకముందే సంతాపసభ పెట్టారు. ఒక వక్త "స్వర్గీయ ఓబులేసు గారు సౌమ్యులు, మృదుభాషి" అన్నాడు. మృదుభాషి అట! ఆ పెద్దమనిషి జన్మలో ఒక్కసారైనా ఆయన బస్సు ఎక్కివుంటే ఆ మాట నోట రాదు. ఇంకొకాయన "కంప్యూటరులో విమానం నడిపిన ధీరుడు, నేడు నిజంగానే గగనవిహారి అయ్యాడు" అని చప్పట్ల కోసం ఆగాడు. కొట్టారు కూడా. మనిషి పోయి ఆరు రోజులు కాలేదు, అప్పుడే చమత్కారాలు! ఈ శాలువాల జాతికి శోకం కూడా ఒక వేదికే. నేను లేచి వచ్చేశాను. అక్కడ చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

ఓబులేసు సహజగుణం తిరస్కారం. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు బడికి ఇరవై రెండేళ్ళు ఆయన వెనక సీట్లో కూర్చుని ప్రయాణం చేసినవాణ్ణి, నాకు తెలుసు. హారన్ అనవసరంగా కొట్టేవాళ్ళన్నా, పని చేయకుండా పేరు మోసేవాళ్ళన్నా ఆయనకు ఏవగింపు. ఆ ఏవగింపును దాచుకోవాలన్న నాగరికత ఆయనకు అబ్బలేదు. దేవుడి దయ.

తర్వాత ఆయన పులివెందుల బస్సు నడిపే రోజుల్లో, ఒకసారి నేనూ అందులో ఉండగా వేంపల్లెలో ఒక జీపు రోడ్డుకు అడ్డంగా నిలిచింది. అందులో తెల్లచొక్కా నాయకుడొకడు తీరిగ్గా ఫోను మాట్లాడుతున్నాడు. దిగి అడిగే ధైర్యం లేక బస్సులో అందరం గడియారాలు చూసుకుంటున్నాం. ఓబులేసు ఇంజను ఆపి, దిగి, జీపు కిటికీలో తల పెట్టి, "అప్పా, బస్సులో నలభైమంది నీ మాటలే వింటాండారు. ఎనక సీటోళ్ళకి సరిగ్గా వినపళ్ళేదంట, రోంత గట్టిగా మాట్లాడు" అన్నాడు. జీపు కదిలింది.

అటువంటి మనిషిని చక్కెరవ్యాధి పట్టుకుంది. చూపు మందగించింది. పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళుండగా కంటి పరీక్షలో తప్పాడు. పులివెందుల బస్టాండులో ఉండగా కబురు వచ్చింది, బండి వేరే డ్రైవరుకు అప్పగించమని. తన బస్సులోనే తాను టికెట్ లేని ప్రయాణికుడిగా ఇంటికి చేరాడు. "కిటికీ పక్కన కూర్చోబెట్టినారు అయివోరా" అని నాతో ఒక్కసారే చెప్పాడు. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు, నేనూ అడగలేదు.

ఇక నా సంగతి. ఉద్యోగం నుంచి దిగిన తర్వాత నాకొక వ్యసనం పట్టుకుంది. కంప్యూటరులో విమానం నడిపే ఆట. సిమ్యులేటర్ అంటారు. బల్లకు బిగించే స్టీరింగు కూడా తెప్పించుకున్నాను. ఓబులేసు ఒక ఆదివారం మా ఇంటికి వస్తే గర్వంగా చూపించాను. కడపలో లేపాను, తిరుపతి దిక్కు పెట్టాను, కీబోర్డు మీద జెడ్ నొక్కాను. అది ఆటోపైలట్ మీట. ఆ పైన విమానం దానంతట అదే ఎత్తు తప్పకుండా, దిక్కు తప్పకుండా పోతుంది. నేను వెనక్కి వాలి, చదువుతూ వదిలేసిన పుస్తకం చేతికి తీసుకున్నాను.

"ఇప్పుడెవురు నడుపుతాండారు?" అన్నాడు.

"అదే నడుపుకుంటుంది."

"మరి నువ్వేం జేస్తాండావు?"

"చూస్తూ కూర్చుంటాను."

"అట్లయితే టికెట్ తీసుకున్న్యావా?"

నవ్వలేదు. నన్ను ఎగాదిగా చూసి, "ఇమానం నడుపుతాండానని ఊరంతా చెప్పుకుంటాండావు గదా అయివోరా, సిగ్గు లేకపోతే సరి" అన్నాడు. ఎన్నో సన్మానపత్రాలు అందుకున్న నా తలకాయ ఆ పూట పుస్తకంలోకి దిగిపోయింది.

అయితే మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చి, నన్ను కుర్చీలోంచి లేపి తాను కూర్చున్నాడు. జెడ్ మీటను మాత్రం ముట్టలేదు. "తెలివిగల్లది కాదది, చెప్పినమాట వినేది. ఎదురుగా గోడ ఉన్న్యా ఇంటాది" అనేవాడు. మొదటి నెలంతా విమానాన్ని మైలవరం డ్యాము నీళ్ళలో ముంచాడు. ముంచినప్పుడల్లా తప్పు తనది కాదు, ఆ బొమ్మ గీసినవాడిది. "డ్యాము కట్ట యాడ? నీళ్ళు పోసి కట్ట మర్చిపోయినాడు ఎదవ" అని విసుక్కున్నాడు. క్రమంగా చెయ్యి కుదిరింది. జమ్మలమడుగు మీదుగా కడపకు తెచ్చేవాడు, తెచ్చి రన్‌వే పక్కన చేలలో దించేవాడు. "ఒక్కసారి రోడ్డు మీద దించితే చాలు అయివోరా. నా చేత్తో. ఆ మీద నీ మిషన్ జోలికి రాను." ఆ ఒక్కదాని కోసమే ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చాడు.

కొన్నాళ్ళకు నాకొక ఉద్యోగం ఇచ్చాడు. తెర మీది అంకెలు పైకి చదవడం. "ఎత్తెంత? దిక్కెంత?" అంటాడు, నేను చదవాలి. "డ్రైవరు రోడ్డు చూసుకోవల్ల, మిగతాది కండక్టరు పని" అని గద్దించేవాడు. ఉభయభాషా ప్రవీణుణ్ణి అంకెలు చదివే కండక్టరును చేశాడని మా ఆవిడ దగ్గర సణిగాను గాని, ఒక్క ఆదివారం కూడా ఎగ్గొట్టలేదు.

చివరి ఆదివారం మా ఇంటికి బంధువులు రావలసి ఉంది. ఆయన మూడుసార్లు చేలలో దించి నాలుగోసారి లేపాడు. నాకు విసుగొచ్చింది. విసుగుకు పైన జాలి పూసుకున్నాను. అది ఇంకా నీచం. పాపం ముసలాయన, దించానని తృప్తిపడి ఇంటికి పోతాడులే అనుకున్నాను. కడప రన్‌వేకు సూటిగా వచ్చిన క్షణాన, చప్పుడు కాకుండా జెడ్ నొక్కాను. దిక్కు నూటపది, మెల్లగా దిగమని పెట్టాను. విమానం గీత గీసినట్టు దిగుతోంది.

"దిక్కెంత?"

"నూటపది."

కాసేపాగి, "దిక్కెంత?"

"నూటపదే."

ఓబులేసు రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసేశాడు.

"ఎడమకి తిప్పినా, నూటపది అన్న్యావు. కుడికి తిప్పినా, నూటపదే అన్న్యావు." గొంతు పెంచలేదు. "నువ్వూ నన్ను ప్యాసింజర్ని చేసినావు గదప్పా."

నేను నోరు తెరిచేలోగా విమానం, చెప్పిన మాట వింటూనే, రన్‌వే మొదట్లో ముక్కు గుద్దుకుంది. ఆయన గోడ తడుముకుంటూ పోయి చెప్పులు వేసుకున్నాడు. చక్రం తిప్పినా తెర మీద విమానం తిరగలేదన్న సంగతి కళ్ళతో చూడక, నా నోటి అంకెను బట్టి ఎందుకు కనిపెట్టాడన్న ఆలోచన నాకు రాలేదు. ఇంత చదువూ ఎందుకు, తగలెయ్యడానికా!

తర్వాతి రెండు ఆదివారాలూ ఆయన రాలేదు. నేను పోయి క్షమించమని అడగాల్సింది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ఎంత దూరమని! వస్తాడులే, ఎక్కడికి పోతాడు అని బిగదీసుకుని కూర్చున్నాను. మూడో ఆదివారానికి మనిషే లేడు.

పదకొండో రోజు జమ్మలమడుగు పోయాను. ఆయన భార్య సుబ్బమ్మ నాకు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎనిమిది నెల్లుగా ఆయనకి చూపు లేదు అయివోరా. ఎలుతురు తెలిసేది, అంతే. బస్సు ఎవురో ఒకరు ఎక్కిచ్చేటోళ్ళు, దింపేటోళ్ళు. కానరాకుండా ఆడికి పోయి ఏం జేస్తావంటే తిట్టేటోడు. అయివోరు తప్పు చదవడు, ఆయన నోరుంటే నాకు కండ్లెందుకు, ఇయ్యాల గాకుంటే వచ్చేవారం దించుతా అనేటోడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "కడసారి పోయొచ్చినపొద్దు ఏమీ చెప్పలా. దించినాడా అయివోరా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అవునంటే ఆ తల్లి జీవితాంతం చెప్పుకునేది. ఆయన బతికుంటే ఆ అబద్ధం విని నా గడప కూడా తొక్కడు.

"నేను దించనియ్యలేదమ్మా" అన్నాను. జరిగినదంతా చెప్పాను.

ఆమె తిట్టలేదు. నా చేతిలో గ్లాసు తీసుకుని, "ఆయప్ప బతికున్న ఆ రెండు వారాలన్నా మీ ఇంటికి వచ్చేటోడేమో" అని లేచి లోపలికి వెళ్ళింది.

ఓబులేసూ, సభలో నిన్ను పొగిడినవాళ్ళను ఇంతసేపూ ఈసడించాను. వాళ్ళు నీకు చేసిన అపకారం ఏమీ లేదు. రెండు కళ్ళూ పోయిన మనిషివి నా గొంతును నమ్మి చక్రం పట్టుకున్నావు. నీ చేతిలోంచి దాన్ని లాక్కున్నవాణ్ణి నేను. నీవంటివాడు ఈ ఊళ్ళలో మళ్ళీ కనిపించడు. ఆదివారం వస్తే నన్ను లేపి నా కుర్చీలో కూర్చునేవాడు లేడు.