ఆ రక్తం సైదాబీది కాదు

ఈ మాట ఏళ్ళ తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. బడి పిల్లలకు ఆటలు నేర్పే టీచర్నని మాత్రం చెబుతాను, ఎందుకంటే ఆ ఉద్యోగానికీ ఈ తప్పుకూ సంబంధం ఉంది. విని మీరేమీ అనక్కర్లేదు. వింటే చాలు.

అప్పుడు నేను పదో తరగతి. చిలకలూరిపేటలో మా బడి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆరో నంబరు నాది. ఆ ఆటకు ఎత్తు కావాలంటారు. నాకు ఎత్తు లేదు, పొగరు ఉంది. ఆ ఏడు స్పిన్నింగు మిల్లు పక్క గ్రౌండులో బడుల మధ్య ఫైనల్ జరిగింది. ఎదుటి టీమ్‌లో సైదాబీ ఉంది. వాళ్ళ నాన్న దర్జీ. ఆ టీమ్ బట్టలన్నీ ఆయనే కుట్టాడు. తెల్ల జెర్సీ, తెల్ల నిక్కరు, తలా ఒకే జత. ఆ పిల్ల చేతిలో బాల్ పడిందంటే ఇక ఆపడం మా తరం కాదు. జిల్లా టీమ్‌కు ఎంపిక కూడా ఆ రోజే. సైదాబీ, నేను ఆడే చోటికి ఒక్కరినే తీసుకుంటారు. ఆ ఒక్కరూ నేనే కావాలి. లేకపోతే పదో తరగతితో చదువు ఆపించి చేను పనికి పంపేస్తామని ఇంట్లో తేల్చి చెప్పారు.

చేను పనంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. ఫైనల్‌కు ముందు ఆదివారమే అమ్మతో పత్తి తీతకు వెళ్ళాను. ఎండిన కాయ డిప్పల మొనలు ఎలా గీరుకుంటాయో తీసిన వాళ్ళకే తెలుసు. నా కుడి చూపుడు వేలు గోటి పక్కన చీరుకుపోయింది. ఆట మొదలయ్యే ముందు అంపైర్ సార్ అందరి చేతులూ చూసి, నా వేలికి ప్లాస్టర్ వేయించి, రక్తం గురించి రూలు చెప్పారు. ఎయిడ్స్ గురించి గోడల మీద రాసి భయపెట్టే రోజులవి. ఒంటి మీద రక్తం కారినా, బట్టల మీద రక్తం పడినా ఆ పిల్లను బయటికి పంపేస్తారు. రక్తం ఆగాలి, దెబ్బకు కట్టు వేయాలి, మరకైన బట్టలు మార్చుకోవాలి. అప్పుడే మళ్ళీ లోపలికి. బెంచీ మీది పిల్ల జెర్సీ తీసుకుని వేసుకున్నా పర్లేదు, నంబరు మారిందని స్కోరు రాసే బల్ల దగ్గర చెబితే చాలు. అందరూ విని ఊరుకున్నారు. నేను మాత్రం ఆ మాటలే నెమరేస్తూ కూర్చున్నాను.

ఆట సగం దాటింది. మేం బాగా వెనకబడ్డాం. చెమటకు ప్లాస్టర్ వదులైంది. పూర్తిగా పీకేసింది మాత్రం నేనే. వేలు గట్టిగా నొక్కాను. సైదాబీని అడ్డుకుంటున్నట్టు వెనకే నిలబడి, ఆ వేలు ఆమె నిక్కరు వెనక భాగాన రాసేశాను. బాల్ మీద ధ్యాసలో ఆమెకు తెలియనే లేదు. “సార్, రక్తం” అని అరిచి చూపించింది కూడా నేనే.

ఆట ఆపారు. “దెబ్బెక్కడ తగిలిందమ్మా?” అన్నారు అంపైర్ సార్.

“నాకేం తగల్లేదు సార్. అది నాది కాదు సార్.”

చేతులు చూశారు, మోకాళ్ళు చూశారు. ఎక్కడా గాయం లేదు. అప్పుడు గోడ మీద కూర్చున్న మగపిల్లల్లో ఎవడో నవ్వాడు. అంతే. నెలసరి వచ్చిందనుకున్నారు అందరూ. వాళ్ళ టీచరు పరిగెత్తుకొచ్చి నడుముకు చున్నీ చుట్టింది. ఆట చూడ్డానికొచ్చిన వాళ్ళ నాన్న తల దించుకున్నాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ “నాది కాదు, నాది కాదు” అంటూనే వెళ్ళింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు పిడికిలి బిగించుకుని నిలబడ్డాను.

ఆమె మళ్ళీ కోర్టులోకి రాలేదు. ఆ రోజే కాదు, ఇంకెప్పుడూ రాలేదు. మేం గెలిచాం. నన్ను జిల్లా టీమ్‌కు తీసుకున్నారు. స్పోర్ట్స్ కోటాలో సీటు, ఆ తర్వాత ఉద్యోగం వచ్చాయి. ఇప్పుడు నేను తినే అన్నం ఆ రోజుదే.

చిన్నతనం, తెలియక చేశాను, కాసేపు బయట కూర్చుంటుందనుకున్నాను అని ఇన్నాళ్ళూ నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అబద్ధం. భుజం మీద రాయొచ్చు కదా? వీపు మీద రాయొచ్చు కదా? అక్కడే ఎందుకు రాశాను? జెర్సీ మీదైతే ఇంకో పిల్లది వేసుకుని రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. అక్కడైతే రాదు. రూలు వల్ల కాదు, సిగ్గు వల్ల రాదు. నేనూ ఆడపిల్లనే, అది నాకు తెలియదా? తెలుసు కాబట్టే అక్కడ రాశాను. మీకు చెప్పాల్సింది అసలు ఇదే.

పోయిన వారం బడి పిల్లలకు జెర్సీలు కుట్టించాలని గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న కుట్టు షాపుకు వెళ్ళాను. మిషను మీద సైదాబీ ఉంది. నాకంటే ముందు తనే గుర్తుపట్టింది. “పేట ఆరో నంబరువి కదూ నువ్వు?” అని నవ్వింది. టీ తెప్పించింది. కొలతలు రాసుకుంటూ, “ఒక జత ఎక్కువ కుట్టించుకో. ఆడపిల్లలు కదా, ఎప్పుడేం అవసరమొస్తుందో” అంది. మామూలుగానే అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకాన్ని నేనే కదా. ఇక ఆగలేకపోయాను.

“సైదాబీ, ఫైనల్లో నీ నిక్కరు మీది రక్తం నాది. కావాలనే పూశాను.”

రాస్తున్న పెన్ను ఆగింది. “ఏ వేలు?” అంది.

చూపించాను. మచ్చ కూడా మిగల్లేదు. అయినా నా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది.

“నాది కాదని మొత్తుకున్నా గదా ఆ రోజు. మా అమ్మ నమ్మలా. తెలిసి తెలిసి ఆటకి పోయి నాన్న పరువు తీశానని చావబాదింది. నాన్న పోయేదాకా ఇంట్లో ఆ ఊసే ఎత్తనివ్వలా. ఏళ్ళు గడిచేకొద్దీ నాకే అనుమానమొచ్చేది, నిజంగా నాదేనేమోనని.”

ఆమె ఆట ఒక్కటే పోయిందనుకున్నాను. తన ఒంటి మీద తనకే నమ్మకం పోయేలా చేశానని నాకు ఆ క్షణం వరకూ తెలియదు. ఆమె లేచి వెనక గది తెర పక్కకు లాగింది.

“అమ్మ లోపలే ఉంది. ఈ మాట ఆమెకు చెప్పు. ఒక్క ముక్క వదలకుండా చెప్పు.”

లోపలికి వెళ్ళాను. వాళ్ళమ్మ నేల మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. పత్తి తీతతో మొదలుపెట్టి మొత్తం చెప్పాను. భుజం కాదని అక్కడే ఎందుకు రాశానో కూడా చెప్పాను. ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నా వంక చూడలేదు, కూతురి వంకే చూసింది. నన్ను కూర్చోమనలేదు. క్షమించమని నేనూ అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడగను?

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే లోపలి నుంచి సైదాబీ గొంతు వినపడింది. అచ్చం పదో తరగతి పిల్ల గొంతు.

“నే చెప్పలా అమ్మా? నాది కాదని నే చెప్పలా?”

“చెప్పావు తల్లీ. చెప్పావు. నేనే వినలా.”

ఆ మాటలు నా కోసం అన్నవి కాదు. అయినా వీధి చివర ఆటో దొరికేదాకా గొంతులో అడ్డం లేకుండా ఊపిరి తీసుకుంటూ నడిచాను. శనివారం వెళ్ళి జెర్సీలు తెచ్చుకోవాలి. కుట్టిందో లేదో తెలియదు. వెళ్తాను.