పిలుస్తారనుకుని మెట్లు దిగాను

మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, మా కాలేజీల కెరీర్ టాక్ ఉన్నది. నువ్వొచ్చి మాట్లాడాలె," అంది. అలవాటు కొద్దీ "ఏమిస్తరు?" అన్నాను. "శాలువా, ఒక పూల మొక్క." "శాలువా వద్దు, ఇంకో మొక్కియ్యమను," అని బేరం తెంచి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక మాత్రం చాలాసేపు కిటికీ దగ్గరే ఉండిపోయాను. అలాంటి ఉపన్యాసాలు నేనూ విన్నదాన్నే. మొయినాబాద్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో, పెళ్లిచూపుల్లో కూడా సాఫ్ట్‌వేర్ మాటే నడిచే రోజుల్లో.

ఆ ఉపన్యాసాలు ఎప్పుడూ భోజనాలయ్యాకే పెట్టేవారు. సెమినార్ హాలు కిటికీలకు నీలం పరదాలు. బయట ఎండ తెల్లగా కాస్తుంటే, లోపల నీళ్ల అడుగున కూర్చున్నట్టుండేది. సంచుల్లోని టిఫిన్ డబ్బాల తొక్కు పచ్చడి వాసన, పక్క తోటల గులాబీల వాసన కలిసిపోయేవి. ప్రొజెక్టర్ వెలుగులో దుమ్ము తేలేది. వేదిక మీది మనిషి "ఆన్‌సైట్" అని విదేశీ కొలువు మాటెత్తినప్పుడల్లా మా వరుసంతా నిట్టూర్చేది. సగం నిద్రలో నేను ఏదో అద్దాల మేడలో లిఫ్టెక్కి పైకి పోతుండేదాన్ని. ఆ లిఫ్టు ఏ అంతస్తులోనూ ఆగేది కాదు.

చేవెళ్లలో మాది బట్టల దుకాణం, పక్కనే మేనమామది స్టీలు సామాన్ల దుకాణం. నాకు మాటల కన్నా ముందు బేరం వచ్చిందని అవ్వ అనేది. అందుకే వచ్చిన అతిథులను కూడా చీరల్లాగే చూసేదాన్ని. ఒక కోటు పెద్దమనిషి రాగానే అన్నిటికన్నా మెరిసేది, అంటే తన విదేశీ ఫొటోలు, పరిచేశాడు. మరొకాయన చివరిదాకా అసలు మాట మడతే విప్పలేదు. "సరుకు గట్టిగ లేదే," అని పక్కనున్న స్నేహితురాలి చెవిలో గొణిగితే, "నీకు అమ్మనీకొచ్చిండా ఆయన? జర సప్పుడు జెయ్యకు," అని కసిరేది. ఆమెది ముడిమ్యాల ఊరు, ఇంట్లో క్యారెట్ సేద్యం. పొలంలోంచి నేరుగా బస్సెక్కినట్టు చెప్పుల అంచుకు ఎప్పుడూ ఎర్రమట్టి ఉండేది.

ఆఖరి సంవత్సరం మా బాపు ఒక మాట తేల్చేశాడు. "ఎండాకాలం అయిపోయే లోపల ఏ కంపెనీలనన్న అడుగు పెట్టినవా సరే. లేకుంటె గల్లా మీద కూసో, బిడ్డా." గల్లా పెట్టె వెనక కూర్చోవడం నాకేమీ చిన్నతనం కాదు. కానీ ఆ నీలం హాలులో కన్న కలలన్నీ ఆ పెట్టెలో పట్టేవి కావు.

అప్పుడొచ్చింది ఉపన్యాసానికి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మేడమ్. నేత చీర, చేతిలో కాగితం కూడా లేదు. తను రాసిన ప్రోగ్రాంలో ఎక్కడుందో దొరకని తప్పు ఒకటి, ఒక పొద్దున తల దువ్వుకుంటుంటే దొరికిందట. ఆ రోజంతా గాల్లో నడిచినట్టుందట. హాలులో ఒక్కరూ కునుకు తీయలేదు. నేను లేచి, "మంచే చెప్పిన్రు మేడమ్. ఈ పనిల లోపమేంది?" అన్నాను. మా లెక్చరర్ గుడ్లురిమాడు. ఆమె నవ్వి, "మెడనొప్పి. ఇంటికి పోయినా పని తలలోంచి దిగదు," అంది.

తర్వాత బయట మెట్ల దగ్గర నన్నాపి, "వేసవిలో మా ఆఫీసుకొచ్చి ప్రాజెక్టు చేస్తావా? ఒక్కరికి చోటుంది," అంది.

గుండె గంతులేసింది. కానీ నచ్చిన చీరను నచ్చినట్టు చూడకూడదన్నది మా ఇంటి చదువు. "చూస్త మేడమ్. ఇంట్ల అడిగి చెప్త," అని మొహం ముడుచుకుని మెట్లు దిగసాగాను. మా దుకాణంలోనైతే, ధర కుదరక వెళ్లిపోయే గిరాకీ ఆఖరి మెట్టు దిగేలోపు బాపు, "రా అమ్మా, నీ మాటే కానియ్," అని పిలిచి తీరతాడు. నెమ్మదిగా దిగాను. వంగి చెప్పు సర్దుకున్నాను. పిలుపు రాలేదు. తిరిగి చూస్తే, ముడిమ్యాల పిల్ల ఆమె ఎదుట నిలబడి, "నేనొస్త మేడమ్," అంటోంది.

కాదని దిగిన దుకాణం మెట్లు మళ్లీ ఎక్కడం కన్నా మా వాళ్లకు పెద్ద నామోషీ లేదు. ఇద్దరూ మాట్లాడుకుంటూ నన్ను దాటి కారు దగ్గరికి నడిచారు. మేడమ్ ఎక్కింది, కారు కదలబోయింది. ఇంక లాభం లేదని పరిగెత్తాను.

అద్దం దింపి, "ఇంట్లో అడిగావా?" అంది.

"అడిగిన మేడమ్."

"ఇంతలోనేనా?"

"అబద్ధం మేడమ్," అంది నా స్నేహితురాలు. "ఇది బేరమాడకుంటె బువ్వ గూడ తినది. గని పని మంచిగ జేస్తది. తీస్కోండ్రి."

"కంప్యూటర్ ఒకటే ఉందమ్మా."

"ఒక్కదాని ముంగట ఇద్దరం కూసుంటం," అంది స్నేహితురాలు, నన్నడగకుండానే. చేతికొచ్చినదాన్ని అట్లా సగం ఇచ్చేయడం మా వీధిలో నేనెన్నడూ చూడలేదు. మేడమ్ నవ్వి, సరేనని తలూపింది.

ఆ వేసవంతా ఒకే తెర ముందు కూర్చున్నాం. స్నేహితురాలు టైపు చేస్తుంటే నేను తప్పులు పట్టేదాన్ని, నేను చేస్తుంటే ఆమె తిట్టేది. కిటికీలోంచి వచ్చే ఎండ మా మోచేతుల మీదుగా జరిగి, గోడెక్కి, మాయమయ్యేది. తల ఎత్తి చూస్తే ఆఫీసు ఖాళీ. పగలు ఎప్పుడు అయిపోయిందో తెలియని రోజులు బతుకులో కొన్నే వస్తాయి. అవి కొన్నేనని కూడా ఆ రోజుల్లో తెలియదు.