గ్రీజు పూసిన బ్రేకు కేబులు

పోయిన వారం మా మేనల్లుడి మోటారుసైకిలు వ్యానెక్కి ఆటోనగర్‌లోని ఒక షెడ్డుకి వచ్చింది. కొండదారుల్లో తిరగడానికని ఏరికోరి కొనుక్కున్న బండి, ఏడాదైనా నిండలేదు, అనంతగిరి ఎక్కుతుండగా మీటరు మీద పసుపు లైటు వెలిగి, నాలుగు మలుపులు తిరిగేసరికి ఇంజను ఆగిపోయిందట. మెకానిక్కు ల్యాప్‌టాప్ తగిలించి చూసి, ఏదో సెన్సారు పోయిందని, అది రావడానికి మూడు వారాలు పడుతుందని చెప్పాడు. పక్కన బెంచీ మీద కూర్చున్న నా ఈడువాళ్లు వెంటనే అందుకున్నారు, బండ్లంటే మన కాలం బండ్లేనని, ఒక పానా, ఒక స్క్రూడ్రైవరూ ఉంటే ఎక్కడ ఆగినా అక్కడే బాగుచేసుకునేవాళ్లమని. మేనల్లుడు నావైపు తిరిగి, "మీ బండి ఎప్పుడూ ఆగలేదట కదా మావయ్యా, నాన్న సెప్పీవోడు" అన్నాడు. నేను తలూపాను.

ఆగకపోవడం నిజమే. వాళ్ల నాన్న, అంటే మా అక్క భర్త, నేనూ కలిసి ఒక కరెంటు లైన్ల కాంట్రాక్టరు దగ్గర పనిచేసే రోజుల్లో మాకొక రెండు స్ట్రోకుల పాత బండి ఉండేది. సోమవారం తెల్లవారుతూనే పద్మనాభం దగ్గరి మా ఊళ్లో బయలుదేరి, కొండల్లో స్తంభాలు వేసేచోటికి దానిమీదే పోయి, శనివారం దిగివచ్చేవాళ్లం. రాళ్లదారికి పనికొస్తుందని వెనక చక్రానికి గుబ్బల టైరు వేయించి, ముందు మడ్‌గార్డు పైకెత్తించింది బావే. ఆదివారం పొద్దున్న ఇద్దరం అరుగు మీద గోనెసంచి పరిచి, ప్లగ్గు ఊడదీసి ఉప్పుకాగితంతో రుద్ది, కార్బురేటరు జెట్టుని నోటితో ఊది, సైలెన్సరులో పేరుకున్న మసి కాల్చి, ప్రతి కేబులునీ వేళ్లతో తడిమి చూసుకునేవాళ్లం. అక్క టీ గ్లాసులు అరుగు చివర పెట్టి, మా చేతుల నల్లదనం చూసి మొహం తిప్పుకునేది. ఆ బండి అంత గట్టిదేమీ కాదు, నిజం చెప్పాలంటే పది రోజులు పట్టించుకోకపోతే మూలనపడే రకం. మేం చూసుకున్నాం కాబట్టి నడిచింది, అంతే.

ఒక వానాకాలం ఆదివారం బావకి జ్వరం వచ్చి, బండి పని నా ఒక్కడి మీద పడింది. తడుముతుంటే ముందు బ్రేకు కేబులు హ్యాండిలు దగ్గర రెండు మూడు పోగులు తెగి, తుప్పుపట్టి, వేలికి గుచ్చుకుంది. కొత్తది తగరపువలస వెళ్తే దొరుకుతుంది. బయట ముసురు, నాకు బద్ధకం. ఇంకో వారం ఆగుతుందిలే అనుకుని, తెగినచోట గ్రీజు దట్టంగా పూసి లోపలికి తోసేశాను. సాయంత్రం బావ మంచంలోంచే అడిగాడు.

"బ్రేకులు సూసినావా బావా?"

"సూసినాను. బాగానే ఉన్నాయి" అన్నాను.

మా వైపు బావా బావమరదులు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఆ పిలుపులోని చనువు వల్లనే కాబోలు, అంత తేలిగ్గా అబద్ధం ఆడగలిగాను.

ఆ శనివారం కొండ దిగుతున్నాం. జ్వరం తగ్గిన బావే నడుపుతున్నాడు, నేను వెనక పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒక దిగుడు మలుపులో కేబులు తెగిన శబ్దం నాకు స్పష్టంగా వినబడింది. వెనక బ్రేకు ఒక్కటే తడిసిన గులకరాళ్ల మీద ఏం పట్టుకుంటుంది? నేను తుప్పల్లో పడి మోచేయి గీసుకున్నాను. బావ కుడికాలు బండికీ బండరాయికీ మధ్య నలిగిపోయింది.

స్తంభం మీదికి చకచకా పాకిపోయే మనిషి ఆ తరవాత ఎప్పుడూ స్తంభం ఎక్కలేదు. గాజువాకలో ఒక గోడౌను ముందు కుర్చీ వేసుకుని, రిటైరయ్యే దాకా వచ్చేపోయే లారీల్ని చూస్తూ కాపలా కాశాడు. పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు బావ నన్ను కేబులు సంగతి అడగలేదు. నేను చెప్పలేదు. రోజులు గడిచినకొద్దీ చెప్పడం మరీ కష్టమైపోయింది.

మూడేళ్ల కిందట బావ పోయాడు. దినం అయిన మర్నాడు అక్క, నేనూ అరుగు మీద కూర్చున్నప్పుడు, తనంతట తనే అంది.

"కేబులు సంగతి మీ బావకి అప్పుడే తెలుసురా. తెగిన ముక్క ఆసుపత్రికే తెప్పించుకుని సూసినాడు. కొత్తగా తెగింది మెరుస్తాది, ఇది గ్రీజు కింద తుప్పట్టుంది అన్నాడు."

"మరి నన్నొక్క మాట అడగలేదేటక్కా?"

"నువ్వే సెప్తావని సూసినాడు. పిల్లలకి మాత్రం మా బండి ఎప్పుడూ మొరాయించలేదనే సెప్పీవోడు."

అక్క గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

అందుకే షెడ్డులో ఆ పెద్దమనుషుల మాటకి వంత పాడలేకపోయాను. ఇప్పటి బండి లోపల ఏముందో మనకి తెలియదు, చెడితే చెయ్యి పెట్టనివ్వదు, వారాల తరబడి మూల నిలబడుతుంది, అదంతా నిజమే. కానీ దాని బాగోగులు చూసే మనిషెవరో నడిపేవాడికి తెలియనక్కర్లేదు, ఆ మనిషిని నమ్మనక్కర్లేదు. మా కాలంలో బండిని నమ్మడమంటే, దాన్ని నిన్న తడిమి చూసిన చేతిని నమ్మడమే. నన్ను అలా నమ్మి కొండ దిగిన మనిషి, ఒక్క మాట కోసం అన్నేళ్లూ ఎదురుచూసి వెళ్లిపోయాడు. ఇప్పుడా మాట నా నోటిదాకా వస్తోంది, వినవలసినవాడే లేడు.